రైళ్లన్నీ కరెంటుతోనే నడుస్తున్నాయి.. మరి కర్బన ఉద్గారాలు తగ్గాయా?

పదేళ్ల కిందట సికింద్రాబాద్‌లోనో, విజయవాడలోనో ప్లాట్‌ఫామ్ చివర నిలబడి రైలు కోసం ఎదురుచూసిన వారికి ఆ పొగ గుర్తుండే ఉంటుంది. డీజిల్ ఇంజిన్ కదిలే ముందు ఒక్కసారిగా నల్లటి పొగ వదిలేది. కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని బోగీ వైపు పరుగెత్తేవాళ్లం. ఇప్పుడా దృశ్యం అరుదైపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్రాడ్ గేజ్ మార్గాల విద్యుదీకరణ పూర్తయింది. దేశవ్యాప్తంగా చూసినా 98 శాతానికి పైగా మార్గాల మీద కరెంటు వైర్లు వచ్చేశాయి.

2030 నాటికి 'నెట్ జీరో' సాధిస్తామని భారతీయ రైల్వే ప్రకటించుకుంది. మొత్తం దేశం పెట్టుకున్న గడువు 2070. అంటే దేశం కంటే 40 ఏళ్లు ముందే, సుమారు 12 లక్షల మంది ఉద్యోగులున్న ఈ ప్రభుత్వ సంస్థ ఆ గీత దాటాలి.

పొగ కనబడటం లేదు కాబట్టి గ్రీన్‌హౌస్ వాయువులు కూడా తగ్గినట్లేనా? ఈ ప్రశ్నకు సమాధానం 'అవును' అనో, 'కాదు' అనో ఒక్క మాటలో రాదు. అసలు లెక్క ఎలా వేస్తారో చూద్దాం.

స్కోప్-1, స్కోప్-2 అంటే ఏమిటి?

ఒక సంస్థ ఎన్ని ఉద్గారాలు వదులుతోందో లెక్కించడానికి ప్రపంచమంతా వాడే పద్ధతిలో మూడు ఖాతాలు ఉంటాయి. వాటినే స్కోప్-1, స్కోప్-2, స్కోప్-3 అంటారు.

సంస్థ తానే స్వయంగా ఇంధనం మండిస్తే వచ్చేది స్కోప్-1. రైల్వే విషయంలో ఇంజిన్లో మండే డీజిల్ ఇందులోకి వస్తుంది. బయటి నుంచి కరెంటు కొంటే, ఆ కరెంటు తయారీలో వెలువడేది స్కోప్-2. సంస్థ కొనే సరుకులు, చేయించుకునే పనుల వెనుక ఉన్న ఉద్గారాలు స్కోప్-3. రైలు పట్టాల ఉక్కు, స్లీపర్ల సిమెంటు లాంటివి ఈ ఖాతాలో పడతాయి.

ఇంట్లో గ్యాస్ స్టవ్ తీసేసి ఇండక్షన్ స్టవ్ పెట్టుకున్నారనుకోండి. వంటగదిలో మంట ఉండదు, గ్యాస్ బండ ఖర్చూ ఉండదు. కానీ కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది. ఆ కరెంటు ఎక్కడో థర్మల్ కేంద్రంలో బొగ్గు మండిస్తే వచ్చిందే. మీ ఇంటి స్కోప్-1 సున్నా అయింది, స్కోప్-2 పెరిగింది. రైల్వేలో జరిగింది కూడా ఇదే.

2025 మార్చిలో రాజ్యసభలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పిన లక్ష్యాలు కూడా ఈ విభజన ప్రకారమే ఉన్నాయి. స్కోప్-1లో నెట్ జీరో 2025 నాటికి, స్కోప్-2లో 2030 నాటికి అన్నది ఆయన మాటల సారాంశం. కాబట్టి ఎక్కడైనా 'రైల్వే నెట్ జీరో సాధించింది' అన్న వార్త కనబడితే ముందు అడగాల్సిన ప్రశ్న.. ఏ స్కోప్‌లో?

ఇప్పటిదాకా ఎంత పని జరిగింది?

తక్కువేం కాదు. దేశంలో తొలి ఎలక్ట్రిక్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు నడిచింది. ఆ తర్వాత చాలా కాలం ఈ పని నత్తనడకన సాగింది. 2014 నాటికి విద్యుదీకరణ అయిన మార్గం దాదాపు 22 వేల కిలోమీటర్లు. ఆ తర్వాత వేగం పెరిగింది. 2023-24 ఒక్క ఏడాదిలోనే 7,188 కిలోమీటర్ల మేర వైర్లు వేశారు.

ఇంజిన్లకు డీజిల్ వాడకం కూడా భారీగా పడిపోయింది. 2016-17తో పోలిస్తే 2024-25లో 178 కోట్ల లీటర్ల డీజిల్ తక్కువ వాడామని రైల్వే శాఖ చెబుతోంది. అంటే 62 శాతం తగ్గుదల. ఒకప్పటి డీజిల్ షెడ్లలోనే ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజిన్లకు మరమ్మతులు చేస్తున్నారు.

ప్రయాణికులు గమనించే ఉండే ఇంకో మార్పు ఉంది. ఎల్‌హెచ్‌బీ కోచ్‌లున్న రైళ్లలో రెండు చివర్లా జనరేటర్ పెట్టెలు ఉండేవి. బోగీల్లో ఏసీ, లైట్లు, ఫ్యాన్ల కోసం వాటిలో డీజిల్ జనరేటర్లు హోరుమంటూ పనిచేసేవి. పక్క బోగీలో బెర్త్ వస్తే ఆ రాత్రి నిద్ర కరువే. ఇప్పుడు పై వైర్ల నుంచి ఇంజిన్ తీసుకునే కరెంటునే బోగీలకూ ఇస్తున్నారు. దీన్ని 'హెడ్ ఆన్ జనరేషన్' అంటారు. చప్పుడు తగ్గింది, పొగ తగ్గింది, డీజిల్ ఖర్చు కూడా తగ్గింది.

స్టేషన్లలో పాత ట్యూబ్‌లైట్లు పోయి ఎల్ఈడీలు వచ్చాయి. ఈ పనులన్నీ నిజంగా జరిగినవే. సమస్య ఇక్కడి నుంచి మొదలవుతుంది.

డీజిల్ ఇంజిన్ వర్సెస్ కరెంటు ఇంజిన్: ఏది ఎక్కువ వదులుతుంది?

దీనికి ముతకగా ఒక లెక్క వేసి చూడొచ్చు.

ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లీటరులో ఉన్న శక్తి దాదాపు 10 యూనిట్ల కరెంటుతో సమానం. కానీ అందులో చాలా భాగం వేడి రూపంలో పోతుంది. మూడో వంతుకు కాస్త పైన, అంటే మూడున్నర యూనిట్ల శక్తి మాత్రమే చక్రం దాకా చేరుతుంది. ఈ లెక్కన చక్రం దగ్గర ఒక యూనిట్ శక్తికి సుమారు 0.77 కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్నమాట.

ఇప్పుడు కరెంటు సంగతి. మన దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున సుమారు 0.73 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) 2023-24 గణాంకాలు చెబుతున్నాయి. విద్యుత్ కేంద్రం నుంచి రైలు చక్రం దాకా వచ్చేసరికి లైన్లలో కొంత, ఇంజిన్లో కొంత నష్టం ఉంటుంది. చక్రం దగ్గర ఒక యూనిట్ కావాలంటే అక్కడ 1.2 యూనిట్లు తయారు చేయాలి. అంటే సుమారు 0.88 కిలోలు.

కానీ కొత్త తరం ఎలక్ట్రిక్ ఇంజిన్లకు ఒక సుగుణం ఉంది. బ్రేక్ వేసినప్పుడు వాటి మోటార్లు జనరేటర్లలా మారి, కరెంటును తిరిగి పై వైర్లలోకి పంపుతాయి. ఇలా 10 నుంచి 15 శాతం వెనక్కి వస్తుందనుకుంటే 0.88 కాస్తా 0.75-0.79 మధ్యకు దిగుతుంది.

డీజిల్ 0.77. కరెంటు 0.75 నుంచి 0.79. ఇంచుమించు సమానం!

ఇది సగటు లెక్క మాత్రమే. మార్గం, బరువు, ఇంజిన్ రకాన్ని బట్టి మారుతుంది. బొగ్గు తవ్వకం, ముడిచమురు శుద్ధి లాంటివి ఇందులో కలపలేదు. అయినా దిశ స్పష్టంగానే ఉంది. ఇప్పుడున్న గ్రిడ్ కరెంటుతో నడిపినంత కాలం, ఇంజిన్ మార్చినందువల్ల వాతావరణానికి కలిగిన లాభం స్వల్పమే. పొగ ఆగిపోలేదు, రామగుండం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల చిమ్నీలకు చిరునామా మార్చుకుంది.

అయితే విద్యుదీకరణ వృథాయేనా?

కానే కాదు.

మొదటి కారణం, డీజిల్ ఇంజిన్ ఎప్పటికీ డీజిల్‌తోనే నడుస్తుంది. దాని 0.77 ఈ ఏడాదీ అంతే, పదేళ్ల తర్వాతా దాదాపు అంతే. కరెంటు ఇంజిన్ అలా కాదు. గ్రిడ్‌లో యూనిట్‌కు 0.73 ఉన్నది 0.5కి తగ్గితే, పట్టాల మీద ఉన్న ఇంజిన్ ఏమీ మారకుండానే రైలు ఉద్గారాలు మూడో వంతు తగ్గిపోతాయి. గాలి, సూర్యరశ్మి నుంచి వచ్చిన కరెంటే వాడితే దాదాపు సున్నాకు చేరతాయి. విద్యుదీకరణ తలుపు తెరిచింది, లోపలికి అడుగుపెట్టడం ఇంకా మిగిలే ఉంది.

రెండో కారణం ఆరోగ్యం. జనం మధ్య ఉన్న స్టేషన్లో, రైలు పట్టాల పక్క బస్తీల్లో డీజిల్ మసి తగ్గింది. మూడోది డబ్బు. మన దేశం ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. వాడని ప్రతి లీటరూ విదేశీ మారకద్రవ్యం ఆదాయే.

సోలార్ ప్యానెళ్లు పెడుతున్నారు కదా.. అవి సరిపోవా?

స్టేషన్ల పైకప్పుల మీద, రైల్వే ఖాళీ స్థలాల్లో సోలార్ ప్యానెళ్లు పెరుగుతున్న మాట నిజం. దక్షిణ మధ్య రైల్వేలో నంద్యాల-ఎర్రగుంట్ల సెక్షన్ స్టేషన్లను పూర్తిగా సోలార్ మీదకు తెచ్చారు. మధ్యప్రదేశ్‌లోని బీనాలో 1.7 మెగావాట్ల ప్లాంటు నుంచి నేరుగా రైళ్ల ఓవర్‌హెడ్ వైర్లకే కరెంటు ఇచ్చే ఏర్పాటు 2020లో చేశారు.

2025 నవంబర్ నాటికి రైల్వే మొత్తం సోలార్ సామర్థ్యం 898 మెగావాట్లు. 2014లో ఇది 4 మెగావాట్లు కూడా లేదు. పెరుగుదల గొప్పగానే ఉంది. కానీ అవసరం ఎంత?

2029-30 నాటికి సుమారు 30 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం కావాలని రైల్వే శాఖే అంచనా వేసింది. అంటే 30 వేల మెగావాట్లు. ఇప్పుడున్న సొంత సోలార్ దానిలో 3 శాతం.

ఇంకోలా చూద్దాం. మన ఎండకు ఒక మెగావాట్ సోలార్ నుంచి ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. 898 మెగావాట్లకు దాదాపు 135 కోట్ల యూనిట్లు. రైల్వే ఏడాదికి వాడే కరెంటు 2,000 కోట్ల యూనిట్లకు పైనే. ఎంత ఉదారంగా లెక్కేసినా నూటికి ఆరేడు పాళ్లు మించదు.

2025 ఆగస్టులో వారణాసిలోని రైల్వే ఇంజిన్ల కర్మాగారంలో పట్టాల మధ్య పరిచిన సోలార్ ప్యానెళ్ల ఫొటోలు వైరల్ అయ్యాయి. 70 మీటర్ల పొడవున 28 ప్యానెళ్లు, సామర్థ్యం 15 కిలోవాట్లు. మంచి ప్రయోగమే. అయితే గూడ్స్ రైళ్లను లాగే ఒక డబ్ల్యూఏజీ-9 ఇంజిన్ సామర్థ్యం 6 వేల హార్స్‌పవర్‌కు పైనే, అంటే సుమారు 4,500 కిలోవాట్లు. ఎండ నిండుగా కాసే వేళలో ఆ ఒక్క ఇంజిన్‌కు సరిపోవాలన్నా అలాంటి ప్రయోగాలు 300 కావాలి. ఫొటోలో బాగున్న ప్రతిదీ లెక్కలో పెద్దది కాదని చెప్పడానికే ఈ పోలిక.

అందుకే సొంత ప్యానెళ్లతోనే ఈ లక్ష్యం తీరదు. బయట పెద్ద సోలార్, పవన విద్యుత్ కేంద్రాల నుంచి దీర్ఘకాలిక ఒప్పందాలతో కరెంటు కొనాలి. రైల్వే ఆ దారిలోనే వెళ్తోంది. ఇందుకోసం రైల్వే ఎనర్జీ మేనేజ్‌మెంట్ కంపెనీ అనే ప్రత్యేక సంస్థ కూడా ఉంది.

రాత్రి నడిచే రైళ్ల మాటేమిటి?

అసలు చిక్కు ఇదే. సోలార్ కరెంటు మధ్యాహ్నం పుష్కలంగా ఉంటుంది. గౌతమి, గోదావరి, చార్మినార్ లాంటి మన రైళ్లు చూడండి. సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి గమ్యం చేరతాయి. గూడ్స్ రైళ్లు కూడా రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. సూర్యుడి టైమ్‌టేబుల్, రైల్వే టైమ్‌టేబుల్ ఒకటి కావు.

పగలు సోలార్ వాడినట్లు లెక్క రాసుకుని, రాత్రి గ్రిడ్ నుంచి బొగ్గు కరెంటు తీసుకుని, ఏడాది చివర కూడికలు తీసివేతలు చేసి 'సున్నా' అనొచ్చు. కాగితం మీద అది తప్పు కాదు. కానీ రాత్రి బొగ్గు మండటం మాత్రం ఆగదు.

దీనికి పరిష్కారంగా 'రౌండ్ ది క్లాక్' ఒప్పందాలు వస్తున్నాయి. సోలార్, పవన విద్యుత్‌తో పాటు బ్యాటరీలనో, పంప్డ్ స్టోరేజీనో జోడించి 24 గంటలూ సరఫరా చేయడం ఇందులోని పద్ధతి. పంప్డ్ స్టోరేజీ అంటే పగలు మిగిలిన కరెంటుతో నీళ్లను పై జలాశయంలోకి ఎత్తి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఇలాంటిదే. ఇలాంటివి ఎంత త్వరగా, ఎంత చౌకగా వస్తాయన్న దాని మీదే రైల్వే 2030 లక్ష్యం నిజాయితీ ఆధారపడి ఉంది.

ఇక్కడ డిస్కంల పంచాయితీ కూడా ఉంది. రైల్వే లాంటి పెద్ద వినియోగదారులు ఎక్కువ రేటు కడితేనే రైతులకు, పేదలకు తక్కువకు కరెంటు ఇవ్వగలమని విద్యుత్ పంపిణీ సంస్థలు అంటాయి. రైల్వే బయట నేరుగా కొనుక్కుంటే ఆ ఆదాయం పోతుంది. దానికి పరిహారంగా సర్‌చార్జి కట్టాలా, వద్దా అన్న వివాదం విద్యుత్ ట్రైబ్యునల్, కోర్టుల దాకా వెళ్లింది. పచ్చ కరెంటు ధరను తేల్చేది సూర్యుడొక్కడే కాదు, ఈ సర్‌చార్జి కూడా.

రైల్వేకు బొగ్గుతో ఉన్న బంధం

రైల్వే బొగ్గు కరెంటు వాడటమే కాదు, బొగ్గు విద్యుత్ కేంద్రంలో భాగస్వామి కూడా. బిహార్‌లోని నబీనగర్‌లో 1,000 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. ఎన్టీపీసీకి 74 శాతం, రైల్వేకు 26 శాతం వాటా. అక్కడి కరెంటులో సింహభాగం రైళ్లకే. ఇలాంటి కేంద్రాలు, వాటి ఒప్పందాలు దశాబ్దాల పాటు ఉండేవి. 2030లో తాళం వేసి వచ్చేద్దామంటే కుదరదు.

అంతకంటే పెద్ద ముడి ఇంకోటి ఉంది. 2024-25లో రైల్వే 160 కోట్ల టన్నులకు పైగా సరుకు రవాణా చేసింది. అందులో దాదాపు సగం బొగ్గే. సింగరేణి నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గనుల నుంచి థర్మల్ కేంద్రాలకు బొగ్గు మోసే రైళ్లే సంస్థకు ప్రధాన జీవనాధారం.

మన టికెట్ ధరకూ ఈ బొగ్గుకూ సంబంధం ఉంది. ప్రయాణికుడిని మోయడానికి అయ్యే ఖర్చులో దాదాపు 45 శాతం రాయితీగా భరిస్తున్నామని రైల్వే చెబుతుంది. ఆ లోటులో పెద్ద భాగం పూడేది సరుకు రవాణా ఆదాయంతోనే. దేశం బొగ్గు తగ్గించుకుంటే వాతావరణానికి మంచిది. కానీ ఆ రోజు రైల్వే గల్లాపెట్టెకు గండి పడుతుంది. దాన్ని పూడ్చేది వేరే సరుకా, ప్రభుత్వమా, లేక స్లీపర్ క్లాస్ ప్రయాణికుడా? నెట్ జీరో గురించిన చర్చల్లో ఈ ప్రశ్న ఇంకా పెద్దగా వినబడటం లేదు.

చెట్లు నాటితే సరిపోదా?

'నెట్' అంటే నికరం. కొంత వదిలినా, అంతే మొత్తాన్ని పీల్చుకునే ఏర్పాటు ఉంటే నికరంగా సున్నా అయినట్లే. రైల్వే స్థలాల్లో మొక్కలు నాటడాన్ని ఈ ఖాతాలోనే చూపుతారు.

దీనికీ ముతక లెక్క వేద్దాం. 2,000 కోట్ల యూనిట్లు పూర్తిగా గ్రిడ్ నుంచే వచ్చాయనుకుంటే ఏడాదికి సుమారు 1.46 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోలు పీల్చుకుంటుందని సాధారణంగా లెక్కిస్తారు. ఈ మొత్తాన్ని చెట్లతోనే సరిచేయాలంటే 73 కోట్ల ఎదిగిన చెట్లు కావాలి. మొక్కలు కాదు, చెట్లు. చెట్లు నాటడం మంచి పనే. కానీ అది కరెంటు మార్చుకునే పనికి ప్రత్యామ్నాయం కాదు.

వేరేవాళ్లు ఎలా చేశారు?

నెదర్లాండ్స్ ప్రధాన రైల్వే సంస్థ ఎన్ఎస్, 2017 జనవరి నుంచి తన ఎలక్ట్రిక్ రైళ్లన్నిటికీ సరిపడా కరెంటును పవన విద్యుత్ కేంద్రాల నుంచే కొంటోంది. అది చాలా చిన్న వ్యవస్థ. ఏడాదికి దాదాపు 120 కోట్ల యూనిట్లే వాడుతుంది. మనతో పోల్చడం సరికాదు.

కానీ నేర్చుకోవాల్సింది ఒకటుంది. అప్పటికే ఉన్న గాలిమరల కరెంటును తన పేరున రాయించుకుని ఊరుకోకుండా, ఒప్పందంలో కొత్త పవన విద్యుత్ కేంద్రాలు వచ్చేలా షరతు పెట్టుకుంది. ఇది కీలకం. ఉన్న పచ్చ కరెంటును ఒకరు తీసుకుంటే, మిగతావారికి బొగ్గు కరెంటు మిగులుతుంది. దేశం మొత్తం లెక్క మారదు. కొత్తది వస్తేనే మారుతుంది.

మన దేశంలోనూ ఈ తేడా గుర్తుంచుకోవాలి. 2025 మధ్య నాటికి దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. అయినా నిజంగా తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు.

లెక్కలోకి రాని వెయిటింగ్ లిస్ట్

ఇప్పటిదాకా చూసిందంతా రైల్వే సొంత ఖాతా. కానీ రైల్వే దేశానికి చేయగల పెద్ద మేలు ఆ ఖాతాకు బయట ఉంది.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లితే రాపిడి చాలా తక్కువ. అందుకే టన్ను సరుకును కిలోమీటరు దూరం తీసుకెళ్లడానికి లారీ కంటే రైలుకు చాలా తక్కువ శక్తి చాలు. 58 వ్యాగన్ల గూడ్స్ రైలు దాదాపు 3,800 టన్నులు మోస్తుంది. అదే సరుకుకు 25 టన్నుల లారీలు 150 కావాలి.

1950-51లో దేశ సరుకు రవాణాలో 85 శాతానికి పైగా రైళ్ల మీదే సాగింది. ఇప్పుడది 27 శాతం దగ్గర ఉంది. 2030 నాటికి 45 శాతానికి తేవాలని జాతీయ రైల్వే ప్రణాళిక లక్ష్యం పెట్టుకుంది. లారీల నుంచి సరుకు రైలెక్కితే రైల్వే కరెంటు బిల్లు పెరుగుతుంది, దాని స్కోప్-2 కూడా పెరుగుతుంది. కానీ దేశం మొత్తం ఉద్గారాలు తగ్గుతాయి. అంటే రైల్వే తన ఖాతాను అందంగా చూపించుకోవడం, దేశానికి మేలు చేయడం కొన్నిసార్లు ఒకటి కావు.

ప్రయాణికుల విషయమూ అంతే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రికో, విశాఖకో టికెట్ కోసం ప్రయత్నించిన వారికి తెలుసు. బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే వెయిటింగ్ లిస్ట్ వందలు దాటుతుంది. కన్ఫర్మ్ కాని వారు ఇంటికి వెళ్లడం మానుకోరు. ప్రైవేటు బస్సు ఎక్కుతారు, నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటారు, స్తోమత ఉంటే విమానమెక్కుతారు. ఆ డీజిల్, పెట్రోల్ రైల్వే ఏ స్కోప్‌లోనూ కనిపించదు. కానీ బెర్త్ దొరక్కపోవడం వల్లే అది మండింది.

అందుకే కాజీపేట-బల్లార్షా, విజయవాడ-గూడూరు మార్గాల్లో దశలవారీగా జరుగుతున్న మూడో లైన్ పనులు, సరుకు రవాణాకు ప్రత్యేక కారిడార్లు కూడా వాతావరణ పనులే. ఉన్న లైన్ల మీద గూడ్స్, ఎక్స్‌ప్రెస్ ఒకదాని వెనుక ఒకటి ఆగుతుంటే అదనపు రైలు వేయడానికి చోటుండదు.

ఇక మీదట ఏం గమనించాలి?

2030 ఎంతో దూరంలో లేదు. ఈ మధ్యలో రైల్వే గురించి వచ్చే ప్రతి 'గ్రీన్' ప్రకటనకూ ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడండి.

1. ఇది ఏ స్కోప్ గురించి? స్కోప్-1 ఒక్కటే అయితే అది సగం కథ కూడా కాదు. ఇప్పుడు ఉద్గారాల్లో పెద్ద భాగం కరెంటు ఖాతాలోనే ఉంది.

2. చెబుతున్నది మెగావాట్లా, యూనిట్లా? స్థాపిత సామర్థ్యం ఎంత పెరిగిందన్న దాని కంటే, వాడిన ప్రతి వంద యూనిట్లలో బొగ్గుది కానిది ఎంత అన్నదే అసలు కొలమానం.

3. ఆ పచ్చ కరెంటు కొత్తగా వచ్చిందా, ఉన్నదాన్నే పేరు మార్చి తీసుకున్నారా? రాత్రి వేళ దాని సంగతేమిటి?

4. రోడ్ల మీది సరుకు, జనం రైలు వైపు వచ్చారా? సరుకు రవాణాలో వాటా 27 శాతం దగ్గరే ఆగిపోతే, రైల్వే తన ఖాతాలో సున్నా చూపినా దేశానికి ఒరిగేది తక్కువే.

ఇంజిన్లు మార్చడం కష్టమైన పనే. కానీ అది ఒక సంస్థ తన చేతుల్లో ఉన్న డబ్బుతో, తన పట్టాల మీద చేసుకోగలిగిన పని. మిగిలినది అలాంటిది కాదు. దానికి రాష్ట్రాల డిస్కంలు, విద్యుత్ మార్కెట్, బొగ్గు ఆదాయం, టికెట్ ధర అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ప్లాట్‌ఫామ్ మీద పొగ పోయింది. ఇప్పుడు ఆ పొగ ఏ ఊరి చిమ్నీకి చేరిందో, అక్కడి నుంచి ఎప్పుడు పోతుందో అడగడం మిగిలింది.